కుట్ర కథను నమ్మిన ఆప్తులతో మాట్లాడటం ఎలా?

జాతి మొత్తాన్ని కుదిపేసిన దుర్ఘటన జరిగిన కొద్ది రోజులకే, మీకు బాగా కావలసినవారు ఎవరైనా ‘ఇది వాళ్లు చెబుతున్నట్టు జరగలేదు, దీని వెనుక పెద్ద తలకాయలు ఉన్నాయి’ అని వాదించడం మొదలుపెడితే, వెంటనే ఖండించాలనిపించడం సహజం. ఆ తొందర పడకండి. వారి మనసులో ఆ కథ ఏ ప్రశ్నకు జవాబుగా నిలిచిందో ముందు తెలుసుకోండి. ఆ ప్రశ్నను వదిలేసి ఎన్ని ఆధారాలు చూపినా అవి వారికి తగలవు.

చాలాసార్లు ఆ ప్రశ్న ఒక్కటే: గోరంత కారణానికి కొండంత ఫలితమా? 1963 నవంబరు 22న డాలస్ నగరంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీని ఇరవై నాలుగేళ్ల అనామకుడు, తపాలాలో తెప్పించుకున్న రైఫిల్‌తో, ఒంటరిగా కాల్చి చంపాడని, ఆ హత్యపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘం వారెన్ కమిషన్ 1964లో తేల్చినప్పటికీ, అంతటి మనిషి అంత అల్పమైన కారణంతో పోయాడంటే ఎందరికో మనసొప్పలేదు. కుట్ర కథ ఆ తూకాన్ని సరిచేస్తుంది. పైగా, ఎవరో పథకం వేసి చేశారనుకుంటే లోకం కనీసం ఒకరి అదుపులోనైనా ఉన్నట్టు అనిపిస్తుంది; ఏ కారణమూ లేకుండా ఇంత ఘోరం జరగగలదన్న ఆలోచన అంతకంటే భయంకరమైనది. అందుకే ‘ఇందులో మీకు అన్నిటికంటే నమ్మశక్యం కానిది ఏమిటి?’ అని అడిగి, చివరిదాకా వినండి.

వచ్చిన జవాబులో ఒకే ఒక్క అంశాన్ని పట్టుకుని దాని అంతు చూడండి. కెనెడీ హత్యనాడు ఎండ కాస్తుండగా, ఊరేగింపు దారి పక్కన ఒక మనిషి నల్ల గొడుగు విప్పి నిలబడటం ఫొటోలలో కనిపిస్తుంది. అది తుపాకులు పేల్చేవారికి సంకేతమని కొందరు, గొడుగులోంచే విషపు ముల్లు దూసుకువచ్చిందని మరికొందరు నమ్మారు. 1978లో ఆ మనిషి అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందుకు వచ్చి, అది నిరసన మాత్రమేనని చెప్పాడు. కెనెడీ తండ్రి బ్రిటన్‌లో రాయబారిగా ఉన్నప్పుడు, హిట్లర్‌తో రాజీకి దిగిన ప్రధాని చాంబర్లేన్‌ను సమర్థించాడు. చాంబర్లేన్‌కు గుర్తు ఆయన చేతి గొడుగు; దాన్ని చూపి ఆ పాత సంగతిని కెనెడీకి గుర్తుచేయాలనుకున్నాడట. ఇంత విచిత్రమైన కారణాన్ని ఎవరూ ఊహించలేరు. ఏ సంఘటననైనా భూతద్దంలో చూస్తే ఇలాంటి వింతలు దొరుకుతాయని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సాంకేతిక అభ్యంతరాలకు సాంకేతికంగానే జవాబివ్వాలి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో విమానాలు ఢీకొని కూలిన జంట భవనాల విషయంలో, వాటిని బాంబులు పెట్టి కూల్చారని నమ్మేవారు ‘విమాన ఇంధనపు మంట ఉక్కును కరిగించలేదు కదా’ అంటారు. ఆ మాట నిజమే, ఒప్పుకోండి. ఉక్కు కరగడానికి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ కావాలి. అయితే 600 డిగ్రీల దగ్గరే అది దాదాపు సగం బలం కోల్పోతుంది. విమానం గుద్దిన దెబ్బకు అగ్నిరక్షక పూత ఊడిపోయిన చోట అంతస్తులు వేడికి కిందికి వంగి, బయటి స్తంభాలను లోపలికి లాగాయి. భవనం కూలడానికి ఉక్కు కరగనక్కరలేదు.

తొలి వార్తల తప్పులనూ దాచకండి. 2012 డిసెంబరు 14న అమెరికాలోని శాండీ హుక్ పాఠశాలలో 20 మంది చిన్నారులు, ఆరుగురు సిబ్బంది హత్యకు గురైనప్పుడు, మొదటి గంటల్లో హంతకుడి పేరుకు బదులు అతని సోదరుడి పేరు ప్రసారమైంది. తొందరలో దొర్లిన ఇలాంటి తప్పులు దిద్దుబాటయ్యాక, ఆ దిద్దుబాటే ‘కథ మార్చేశారు’ అనడానికి సాక్ష్యమవుతుంది.

నిజంగా జరిగిన కుట్రలను మీరే ముందుగా ప్రస్తావించండి. అమెరికాలోని టస్కీగీ ఊళ్లో 1932 నుంచి 1972 వరకు అక్కడి ప్రజారోగ్య శాఖ, సిఫిలిస్ అనే సుఖవ్యాధి సోకిన సుమారు 400 మంది నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా చికిత్స ఇవ్వకుండా పరిశీలిస్తూ పోయింది. అలాంటి చరిత్ర ఎరిగినవారు ప్రభుత్వాన్ని అనుమానిస్తే, ఆ అనుమానాన్ని మూర్ఖత్వమనడం అన్యాయం. ఆ కుట్ర ఎలా బయటపడిందో కూడా చెప్పండి: లోపలి ఉద్యోగి ఒకరు నోరు విప్పారు, పత్రికలు రాశాయి, కాగితాలు దొరికాయి. ‘మీరు చెబుతున్న దానికి అలాంటిది ఏముంది?’ అని నెమ్మదిగా అడగవచ్చు.

ఒక వాదన వీగగానే మరొకదానికి దూకితే విసుగుపడకండి. బ్రిటన్ యువరాణి డయానా మరణంపై 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆమెను చంపించారని ఎక్కువగా నమ్మినవారే, ఆమె చనిపోయినట్టు నటించిందన్న మాటనూ ఎక్కువగా నమ్మారని తేలింది. అంటే వారు గట్టిగా పట్టుకున్నది ఏ ఒక్క కథనూ కాదు, అధికారులు చెప్పింది అబద్ధమన్న భావనను. అక్కడ ఆగి, ఆ అపనమ్మకం ఎప్పుడు, ఏ అనుభవంతో మొదలైందో అడగండి. ఈ సంభాషణ నలుగురి ముందు జరగకూడదు. పరువు అడ్డొస్తే ఎవరూ మాట వెనక్కి తీసుకోరు.

ఒక్క విషయంలో మాత్రం మెత్తబడకండి. శాండీ హుక్‌లో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులను ‘మీరు నటులు, మీకు అసలు పిల్లలే లేరు’ అంటూ అపరిచితులు ఏళ్ల తరబడి వేధించారు. మీ ఆప్తులు మృతుల ఫొటోనో, బాధిత కుటుంబం మీద నిందనో పదిమందికి పంపబోతుంటే, మిగతా వాదన మరో రోజుకు పెట్టుకుని, దాన్ని పంపవద్దని అప్పుడే, సూటిగా కోరండి.