పెరటి గది దాకా వైఫై: పాత రూటర్‌ను రెండో రూటర్‌గా అమర్చుకునే పద్ధతి

కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపునా ఉన్న పాత మండువా ఇళ్లలో ఫైబర్ కనెక్షన్ సాధారణంగా వీధి గది వరకే వస్తుంది. అక్కడి రూటర్ నుంచి బయలుదేరిన సిగ్నల్ మందపాటి ఇటుక గోడలు రెండు మూడు దాటేసరికి సన్నగిల్లిపోతుంది కాబట్టి, పెరటి గదిలో కూర్చుని చదువుకునే పిల్లలకు పాఠం మాటిమాటికీ ఆగిపోతూ ఉంటుంది. మధ్యలో కొబ్బరి, అరటి చెట్లు ఉంటే, తడి ఆకులు కూడా సిగ్నల్‌ను పీల్చుకుంటాయి. గోడ ప్లగ్గుకు తగిలించే ఎక్స్‌టెండర్ కొనడం తేలికే గానీ, ఒకే రేడియోతో పనిచేసే ఎక్స్‌టెండర్ తాను అందుకున్న సమాచారాన్ని అదే ఛానెల్‌లో మళ్లీ పంపాలి గనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఇంట్లో పాత రూటర్ ఉంటే, దాన్ని కేబుల్‌తో మొదటి రూటర్‌కు కలపడమే మేలైన మార్గమని నా అభిప్రాయం.

ఈ పనిలో పట్టుకోవలసిన సూత్రం ఒకటే. పంట కాలువకు బోదె ఎలాంటిదో, మొదటి రూటర్‌కు రెండోది అలాంటిది. అది నీళ్లు చేరవేయాలే తప్ప వంతులు నిర్ణయించకూడదు. ఇంట్లోని ప్రతి ఫోనుకూ, టీవీకీ, ప్రింటర్‌కూ ఒక ఐపీ అడ్రసు (నెట్‌వర్కులో దాన్ని గుర్తించే అంకెల చిరునామా) కేటాయించే పనిని డీహెచ్‌సీపీ అంటారు. రెండు రూటర్లూ ఈ పని చేయబోతే, కొన్ని ఫోన్లు రెండోదాన్నే ఇంటర్నెట్‌కు దారి అనుకుని అక్కడే నిలిచిపోతాయి. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తున్నా ఏ పేజీ తెరుచుకోదు.

ముందుగా బ్రౌజర్‌లో మొదటి రూటర్ సెట్టింగుల పేజీ తెరిచి, దాని ల్యాన్ అడ్రసును, అంటే ఇంటి నెట్‌వర్కులో ఆ రూటర్‌కు ఉండే సొంత చిరునామాను, అది పంచిపెట్టే అడ్రసుల పరిధిని రాసి పెట్టుకోవాలి. ఆ అడ్రసు చాలా ఇళ్లలో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. ఉదాహరణకు అది 192.168.1.1 అయితే, పంచే పరిధిని 192.168.1.20 నుంచి మొదలయ్యేలా మార్చి, దాని కిందివాటిని మన అవసరాలకు అట్టిపెట్టుకోవాలి. కొన్ని రూటర్లు 192.168.1.2 నుంచే పంచడం మొదలుపెడతాయి కాబట్టి ఈ మెట్టును దాటవేయకూడదు.

ఇక రెండో రూటర్ సంగతి. వెనుక ఉన్న రీసెట్ మీటను సన్నని పిన్నుతో పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే పాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. దీన్ని ఇంకా మొదటి రూటర్‌కు కలపకుండా, ఒక ల్యాప్‌టాప్‌కు మాత్రమే కేబుల్‌తో కలిపి, అడుగున అతికించిన చీటీ మీద ఉండే అడ్రసుతో దాని పేజీలోకి వెళ్లాలి. అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్ మోడ్ అనే ఎంపిక కనిపిస్తే దాన్ని ఎంచుకోవడంతో పని చాలావరకు తీరుతుంది. లేకపోతే వైఫై పేరు, పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ ముందే పెట్టుకుని, డీహెచ్‌సీపీని ఆపివేసి, చివరగా దాని ల్యాన్ అడ్రసును, పై ఉదాహరణ ప్రకారమైతే, 192.168.1.2గా మార్చి సేవ్ చేయాలి. ఈ వరుసనే పాటించమనడానికి కారణం ఉంది: డీహెచ్‌సీపీ ఆగాక ల్యాప్‌టాప్‌కు అడ్రసు ఇచ్చేవారు ఉండరు గనుక, మధ్యలో కేబుల్ ఊడితే మళ్లీ ఆ పేజీలోకి వెళ్లడం కష్టమవుతుంది.

డీహెచ్‌సీపీని చేత్తో ఆపివేసిన పద్ధతిలో, కేబుల్‌ను మొదటి రూటర్ ల్యాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలను కలిపే రంధ్రం) నుంచి రెండో రూటర్ ల్యాన్ పోర్టుకే కలపాలి. బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చే, సాధారణంగా వేరే రంగులో ఉండే వ్యాన్ పోర్టులో పెడితే రెండో రూటర్ తన వెనుక వేరొక నెట్‌వర్కును కట్టుకుంటుంది. అప్పుడు వీధి గదిలోని ప్రింటర్ పెరటి గదిలోని ఫోనుకు కనిపించదు. యాక్సెస్ పాయింట్ మోడ్ ఎంచుకున్నవారు మాత్రం వ్యాన్ పోర్టునూ వాడుకోవచ్చు.

రెండు రూటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2 వంటి ఒకే భద్రతా పద్ధతి పెడితే ఫోను ఇటు నుంచి అటు తనంతట తానే మారుతుంది, కొంచెం ఆలస్యమైనా సరే. 2.4 గిగాహెర్ట్జ్ ఛానెళ్లను మాత్రం వేరు చేయాలి: ఒకదానికి 1, మరొకదానికి 6 లేదా 11. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు.

కేబుల్ విషయంలో పొదుపు వద్దు. పూర్తి రాగి తీగలున్న క్యాట్ 5ఇ రకం 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోస్తుంది, అయితే లోపలి ఎనిమిది తీగలూ సరిగా కలవాలి. ఒక్క జత తెగినా వేగం 100 ఎంబీపీఎస్‌కు దిగవచ్చు. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చౌక కేబుల్ త్వరగా విరుగుతుంది. పెరట్లో ఎండకూ వానకూ తట్టుకునే బయటి రకం కేబుల్ వేసి, పైపులో నడిపించాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పడతాయి కాబట్టి వాటిని ఆరుబయట వదలకుండా మూత ఉన్న పెట్టెలో ఉంచాలి.

ఉరుములు మెరుపులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. విడిగా ఉన్న రెండు కట్టడాల మధ్య రాగి కేబుల్ లాగితే, దగ్గరలో పిడుగు పడినప్పుడు ఆ తీగ వెంబడి వచ్చే విద్యుత్తు రెండు రూటర్లనూ కాల్చివేయగలదు. ఇంటికి దూరంగా చెరువు గట్టు మీద ఉన్న మోటారు షెడ్డు వంటి చోటుకు కనెక్షన్ కావాలంటే, రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (రాగి కేబుల్ సిగ్నల్‌ను ఫైబర్ వెలుగుగా, వెలుగును తిరిగి సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టెలు) పెట్టి మధ్యలో లోహపు తీగ లేని ఫైబర్ లాగడం ఉత్తమం. ఫైబర్‌లో విద్యుత్తు ప్రవహించదు, దూరం 100 మీటర్లు దాటినా ఇబ్బంది ఉండదు. రాగి కేబుల్ ఉన్నవారు మబ్బు పట్టగానే, ఉరుము వినిపించకముందే, రెండు చివరలా కేబుల్‌ను ఊడదీసి, అడాప్టర్లను కూడా ప్లగ్గు నుంచి తీసివేయాలి.