శ్రావణంలో స్థలం కొనబోతున్నారా? బయానా ఇచ్చే ముందు ఈ లెక్క చూసుకోండి

ఆషాఢం వెళ్లిందంటే అమలాపురం, భీమవరం, తణుకు వైపు స్థలాల బేరాలు ఊపందుకుంటాయి. మొదటిసారి పెట్టుబడికని కొనేవాళ్లు దస్తావేజుల సంగతి నలుగురినీ అడుగుతారు. మిగతా డబ్బు ఎక్కడి నుంచి, ఏ తేదీకి వస్తుందో మాత్రం కాగితం మీద వేసుకోరు. బయానా పోగొట్టుకునేది ఎక్కువగా ఇలాగే.

బేరం 40 లక్షలకు కుదిరిందనుకోండి. దస్తావేజు ప్రభుత్వ విలువకే, 24 లక్షలకు రాద్దామంటారు. బ్యాంకు ఆ 24 లక్షలనే లెక్కలోకి తీసుకుని 75 శాతం ఇస్తే వచ్చేది 18 లక్షలు. మిగిలిన 22 లక్షలు, స్టాంపులు, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం చొప్పున మరో 1.8 లక్షలు మీరే తేవాలి. చేతిలో 14 లక్షలే ఉంటే, సుమారు 10 లక్షలకు నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. దాని వడ్డీ నెలకు 20,000. బ్యాంకు లోను 9 శాతానికి, 20 ఏళ్లకు తీసుకుంటే వాయిదా 16,000 పైమాటే. ఖాళీ స్థలానికి అద్దె రాదు. మొదటి ఏడాది వడ్డీలే దగ్గర దగ్గర 4 లక్షలు. అంటే స్థలం ధర ఏటా పది శాతం పెరిగితే మీకు ఒరిగేది సున్నా. “రెండేళ్లలో డబులండీ బాబూ” అనే మధ్యవర్తి ఈ లెక్క చెప్పడు. ఆయన కమీషన్ రిజిస్ట్రేషన్ నాడే ముడుతుంది కదా!

విలువ తగ్గించి రాసి తేడా నగదుగా ఇవ్వడం ఊళ్లో మామూలే కావచ్చు, చట్టం మాత్రం ఒప్పుకోదు. స్థలం బేరంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడు కాగితం మీద మీ కొన్న ధర 24 లక్షలే. మీ జేబులోంచి పోయిన 16 లక్షలకు కూడా లాభం కింద పన్ను కట్టాల్సి వస్తుంది.

అందుకే బయానాకు ముందే జిరాక్సులు బ్యాంకుకిచ్చి వాళ్ల లాయరు ఏమంటాడో కనుక్కోండి. వ్యవసాయ భూమిగానే ఉన్న చేలో రాళ్లు పాతి అమ్మే ప్లాట్లకు స్థలం లోను రాదు. అగ్రిమెంటులో “లోను రాకపోతే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వాలి” అన్న మాట, ఎన్ని రోజుల్లోపో ఆ గడువు రాయించండి. “మాట మీద పోదాం, మనవాళ్లమే” అంటే ఇంకా గట్టిగా రాయించండి. లేఅవుట్ 500 చదరపు మీటర్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే హక్కు ప్రమోటరుకు, అంటే లేఅవుట్ వేసి అమ్మేవారికి, లేదు.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీస్తే సరిపోదు. చేబదులుకు కాగితాలు ఎవరి దగ్గరైనా పెట్టి ఉంటే అది ఈసీలో కనపడకపోవచ్చు, కాబట్టి ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు, కళ్లారా చూడాలి. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో, ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి. లంక భూములు, కాలువ గట్లు, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన) పట్టాల దగ్గర ఇది మరీ ముఖ్యం. యజమాని కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి బావమరిది జీపీఏ (యజమాని తరఫున అమ్మే అధికారపత్రం) మీద అమ్ముతుంటే, అది ఇక్కడికొచ్చాక స్టాంపు కట్టి చెల్లుబాటు చేయించారో లేదో చూడండి, యజమానితో వీడియో కాల్లో మాట్లాడండి. ఇచ్చినవారు చనిపోతే మామూలు జీపీఏ చెల్లదు. పిత్రార్జితమైతే ఆడపడుచుల సంతకాలు కూడా కావాలి.

ఇక నీళ్ల సంగతి. స్థలాన్ని ఎండలో చూసి ముచ్చటపడొద్దు, ఆషాఢం వానల్లోనే ఒకసారి వెళ్లండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 17 లక్షల క్యూసెక్కులకు చేరితే మూడో హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ వీధిలో పెద్దవాళ్లని అడగండి, వాళ్లకి అమ్మే తొందరేమీ ఉండదు. పూడ్చిన రొయ్యల చెరువైతే నేల కుంగుతుంది, బోరులో ఉప్పు నీరు పడే భయమూ ఉంది. స్థలం రోడ్డు కన్నా పల్లంలో ఉంటే ఎన్ని ట్రాక్టర్ల మెరక కావాలో మేస్త్రీతో లెక్క కట్టించి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని ముందే అడగండి. బయానా చేతిలో పడ్డాక ఆ మాట ఎత్తితే ఎవరూ వినరు.