బార్బరా ఫుసార్-పోలి కెరీర్‌ని ఏ వరుసలో చూడాలంటే

ఇటలీ ఐస్ డాన్సర్ (మంచు మీద జంటగా స్కేటింగ్ చేస్తూ చేసే నృత్యం) బార్బరా ఫుసార్-పోలి గురించి కొత్తగా తెలుసుకునేవాళ్లు నేరుగా 2006 టురిన్ ఒలింపిక్స్ వీడియోకి వెళ్లకండి, ముందు 2001 చూడండి. తన జోడీ మౌరిజియో మర్గాల్యోతో కలిసి ఆ ఏడాది యూరోపియన్, ప్రపంచ టైటిళ్లు రెండూ గెలిచింది. ఫిగర్ స్కేటింగ్‌లో ఇటలీకి ప్రపంచ టైటిల్ రావడం అదే మొదటిసారి. చూసేటప్పుడు కళ్లు పాదాల మీదే పెట్టండి. ఇద్దరూ ఎంత దగ్గరగా జారుతున్నారు, మలుపుల్లో వేగం తగ్గుతోందా లేదా, ఐస్ డాన్స్‌లో అసలు సంగతి అదే.

తర్వాత 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్. ఫ్రీ డాన్స్‌లో, అంటే పోటీ చివరి విభాగంలో, మర్గాల్యో పడిపోయినా కాంస్యం వచ్చింది, దాంతోపాటు వివాదమూ వచ్చింది.

ఇక టురిన్‌కి రండి. ఆట మానేసి మళ్లీ తిరిగొచ్చి, సొంత దేశంలో, సొంత జనం ముందు, కంపల్సరీ డాన్స్ (అందరూ ఒకే నిర్ణీత అడుగులు వేసే మొదటి విభాగం) అయ్యేసరికి మొదటి స్థానం! రెండో విభాగమైన ఒరిజినల్ డాన్స్ చివర్లో లిఫ్ట్ (ఆమెని ఎత్తే విన్యాసం) చెడి పడిపోయారు. సంగీతం ఆగాక ఆమె కదలకుండా నిలబడి అతన్ని అలా చూస్తూనే ఉండిపోయింది. చాలామంది ఆ క్లిప్ చూసి కోపిష్ఠి అనేస్తారు, నా దృష్టిలో అది అన్యాయం. మర్నాటి ఫ్రీ డాన్స్ కూడా తప్పకుండా చూడండి. ఆరో స్థానంతో ముగించారు.

ఓపికుంటే, ఆమె కోచ్‌గా తీర్చిదిద్దిన గిన్యార్-ఫాబ్రి జంటని 2023 యూరోపియన్ టైటిల్ నుంచి మొదలుపెట్టండి.