ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మన చేతివాటానికి – 4వ పాఠం: లెటర్ల లొల్లి, ఆ తర్వాత పిన్

ఈసారి డ్రైవ్‌లను పిన్ చేయడం, అంటే ఎక్స్‌ప్లోరర్ ఎడమవైపు పట్టీలో అంటించి పెట్టుకోవడం చెప్దామనుకున్నా. కానీ పోయిన పాఠంలో డ్రైవ్ లెటర్ (సి, డి, ఇ లాంటి అక్షరం) మార్చడం చెప్పి, కొత్తది చివరి అక్షరాల్లోంచి తీసుకోమన్నా కదా, అది చదివి లెటర్లు మార్చినవాళ్ల మెసేజ్‌లు చూశాక, ముందు ఆ లొల్లి తేల్చక తప్పేలా లేదు.

డి డ్రైవ్ లెటర్ మార్చేసి "అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదండీ" అన్నవాళ్లు కొందరు. ప్రోగ్రామ్ డిలో ఇన్‌స్టాల్ అయ్యుంటే దాని షార్ట్‌కట్లన్నీ అక్కడే వెతుకుతాయి మరి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి (డ్రైవ్‌లన్నిటినీ చూపించే విండోస్ టూల్) వెళ్లి ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి పాత లెటర్ ఇచ్చేసి, రీస్టార్ట్ చేయండి. డేటా ఎక్కడికీ పోలేదు, టెన్షన్ పడకండి. అన్నట్టు ఆ రైట్ క్లిక్ మెనూలో 'చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్' కిందనే 'ఫార్మాట్' ఉంటుంది, మౌస్ కాస్త జారితే దాని మీదే పడుతుంది. చదివి నొక్కండి.

అసలు గొడవ ఇంకోటి. "హార్డ్ డిస్క్‌కి ఇ అని లెటర్ ఇచ్చాను, వారం తిరక్కుండానే ఎఫ్ అయి కూర్చుంది, మీ పాఠం పనిచేయలేదు" అని చాలామంది అన్నారు. ఇ ఎవరు ఇమ్మన్నారు? చివరి అక్షరాల్లోంచి తీసుకోమన్న ముక్క దాటేసి చదివితే ఇంతే.

జరిగేది ఇది. కొత్త డ్రైవ్ పెట్టగానే విండోస్ సి తర్వాత వరసలో మొదట ఏ లెటర్ ఖాళీగా ఉంటే అది ఇచ్చేస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న మీ హార్డ్ డిస్క్ బీరువాలో ఉంది, ఇ ఖాళీ. అమీర్‌పేట జిరాక్స్ షాపులో రెజ్యూమె ప్రింట్ తీయించుకొచ్చిన కొత్త పెన్ డ్రైవ్ పెట్టారు, ఇ దానికి పోయింది. సాయంత్రం అది తీయకుండానే హార్డ్ డిస్క్ పెడితే దానికి ఎఫ్ వస్తుంది. తర్వాత పెన్ డ్రైవ్ తీసేసినా ఇ వెనక్కి రాదు, ఎందుకంటే విండోస్ ఇప్పుడు దాన్ని పెన్ డ్రైవ్ పేరున రాసేసుకుంది. కెమెరా కార్డుతోనూ ఇంతే. తమ్ముడి ఫ్రెండ్ సినిమాలు ఎక్కించుకోవడానికి తెచ్చే డిస్క్‌తోనూ ఇంతే. మనం చేత్తో ఇచ్చిన లెటరైనా సరే, డిస్క్ బయట ఉన్నప్పుడు దానికి కాపలా ఉండదు. బస్సులో కర్చీఫ్ వేసి దిగిపోయిన సీటు లాంటిదది.

కాబట్టి విండోస్ చెయ్యి అంత తేలిగ్గా చేరని లెటర్లు ఇవ్వండి: పి, క్యూ, ఆర్. జెడ్ వద్దు, ఆఫీస్ నెట్‌వర్క్ డ్రైవ్ మ్యాప్ చేయబోతే, అంటే ఆఫీస్ నెట్‌వర్క్‌లోని ఫోల్డర్‌కి మన కంప్యూటర్లో ఓ లెటర్ ఇవ్వబోతే, విండోస్ అట్నుంచే మొదలుపెడుతుంది. నేనైతే బ్యాకప్ డిస్క్‌కి బి ఇస్తా. ఎ, బి అనేవి ఒకప్పుడు ఫ్లాపీల కోసం పక్కన పెట్టినవి, ఇప్పటికీ విండోస్ తనంతట తాను వాటిని వేరే డ్రైవ్‌లకు ఇవ్వదు. బ్యాకప్‌కి బి, గుర్తుంచుకోవడమూ సుఖం.

ఇక పిన్. డ్రైవ్ మీద రైట్ క్లిక్, 'పిన్ టు క్విక్ యాక్సెస్', అయిపోయింది. లెటర్ సరిచేయకముందు పిన్ చేయొద్దు. పిన్ చూసేది లెటర్‌నే, అందుకే ఫోటోల డిస్క్ అనుకుని నొక్కితే ఎవరిదో పెన్ డ్రైవ్ తెరుచుకుంటుంది. డిస్క్ తీసేశాక పిన్ నొక్కితే ఎర్రర్ వస్తుంది, కంగారుపడి పిన్ పీకేయకండి, డిస్క్ పెడితే మళ్లీ పనిచేస్తుంది.

విండోస్ కీ, ఇ కలిపి నొక్కగానే నేరుగా డ్రైవ్‌లే కనబడాలంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లో (ఎక్స్‌ప్లోరర్ సెట్టింగ్స్ కిటికీ) పైనున్న పెట్టెలో 'దిస్ పీసీ' ఎంచుకోండి. లేకపోతే మొదట తెరుచుకునే ఆ 'హోమ్' పేజీ నాకు అస్సలు నచ్చదు, నిన్న తెరిచిన ఫైళ్లన్నీ పక్కసీటువాళ్లకు చూపిస్తుంది. కార్డ్ రీడర్ కనబడట్లేదన్నవాళ్లు అదే కిటికీలో 'వ్యూ' ట్యాబ్‌కి వెళ్లి 'హైడ్ ఎంప్టీ డ్రైవ్స్' టిక్ తీసేయండి.

అభ్యాసం: రెండు డ్రైవ్‌లకు పి, క్యూ ఇచ్చి పిన్ చేయండి. రెండూ తీసి, కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేశాక ముందు వేరే పెన్ డ్రైవ్, తర్వాత క్యూ, ఆఖర్న పి పెట్టండి. ఏ పిన్ నొక్కితే ఆ డిస్కే తెరుచుకోవాలి. ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ ఉంటే అందులోనూ ఇదంతా మళ్లీ చేయాల్సిందే, లెటర్ గుర్తుంచుకునేది కంప్యూటర్ కదా. ఆఫీస్ ల్యాప్‌టాప్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే మాత్రం అక్కడితో వదిలేయండి.