మట్టి కింద గోడలు - 4వ పాఠం: దూరపు ఊచల గొడవ

నేలలోకి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలిచి, తవ్వకుండానే పాత గోడలు వెతకడం మన పని. ఈసారి ఆ రీడింగుల్ని బొమ్మగా మార్చడం చెబుదామనుకున్నాను గానీ పర్లాకిమిడి, బరంపురం వాళ్లు పంపిన షీట్లు చూశాక అది వాయిదా వేశాను. చాలామందికి 20వ మీటరు దగ్గర, అంటే ఒక గ్రిడ్ (20 మీటర్ల చదరం) అయిపోయి ఇంకోటి మొదలయ్యేచోట, కత్తితో కోసినట్టు గీత వచ్చింది, ఇది కోటగోడేనా అని ఒకటే అడగడం. కాదండీ. సరిగ్గా మీ గ్రిడ్ అంచు మీదే గోడ కట్టిన రాజు కళింగంలో పుట్టలేదు.

చేత్తో మోసే ఫ్రేముకున్న రెండు లోహపు ఊచలు, అర మీటరు ఎడంతో, మీతో నడుస్తాయి. ఫ్రేముకి వైరుతో కలిపిన మిగతా రెండు దూరంగా పాతేసి వదిలేస్తాం, గ్రిడ్‌లో ఎక్కణ్ణించి చూసినా ఫ్రేము ఎడానికి 30 రెట్లు, అంటే కనీసం 15 మీటర్లు. మీరేమో మొదటి గ్రిడ్ అవగానే వైరు చాల్లేదని వాటిని పీకి ఎలా పడితే అలా గుచ్చేశారు. కొలిచే పెట్టె చూపించే అంకెలో ఫ్రేము కింద నేలొక్కటే కాదు, ఆ దూరపు ఊచల మధ్య ఎడం, వాటి చుట్టూ తడి కూడా కలిసే ఉంటాయి. అంతా ఒకేలా ఉన్న నేలలో ఆ ఎడం అర మీటరైతే 40 ఓమ్‌లు (నేల అడ్డుకునే కొలత) వచ్చేచోట, మీటరు చేస్తే 30 వస్తుంది. గోడా లేదు గీడా లేదు. ఇక ఒకటి గట్టు మీద, ఒకటి తడి మడిలో గుచ్చిన మహానుభావులకి నమస్కారం.

జరపక తప్పదంటే, ఫ్రేముని పాత గ్రిడ్ అంచున గుచ్చి రీడింగు రాసుకోండి, 46 అనుకోండి. ఫ్రేము ఎత్తొద్దు. ఇంకొకరు వెళ్లి దూరపు ఊచలు కొత్తచోట పాతాలి. ఎక్కువ చూపిస్తే వాటి ఎడం పెంచాలి, తక్కువైతే తగ్గించాలి, మళ్లీ 46 వచ్చేదాకా. అప్పుడే ఫ్రేము కదలాలి. 1946లో ఇంగ్లండ్‌లో ఆట్కిన్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఈ పని మొదలెట్టినప్పుడు ఊచలన్నీ వరసలో గుచ్చుకుంటూ పోవాల్సొచ్చేది, మనకి రెండు కదపకుండా ఉంచడమే కష్టమైపోయింది.

రాతి పునాది మీద రీడింగు ఎక్కువ, పూడిన కందకం మీద తక్కువ, అది తెలిసిందే. నేనైతే వరి కోతలయ్యాకే దిగుతాను, మే నెలలో ఎర్రనేలలో ఊచ దిగదు, దిగినా రీడింగు నిలవదు.

అభ్యాసం: కూలిపోయిన మీ పాత ఇంటి స్థలం చాలు. ఒడిశాలోని జౌగడకి మాత్రం వెళ్లకండి, అశోకుడి శాసనమున్న రక్షిత స్థలం, పర్మిషన్ లేకుండా ఊచ గుచ్చకూడదు. పక్కపక్కన రెండు 20 మీటర్ల గ్రిడ్లు, మీటరుకో రీడింగు, మొత్తం 800, మధ్యలో దూరపు ఊచలు కావాలనే జరపాలి. గీత కనిపిస్తే నాకు పంపకండి, రెండో గ్రిడ్ మళ్లీ చెయ్యండి.