ఫ్లీట్ స్ట్రీట్ పద్ధతిలో పదహారు పేజీల అచ్చు

ఇంగ్లండ్‌లో తొలి ముద్రాపకుడు విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రెస్సు పెట్టాడు. ఆయన పోయాక దాన్ని నడిపిన వింకిన్ డి వర్డ్ 1500 ప్రాంతంలో లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌కి మారాడు. ఆ కాలపు చేతి మర మీద ఫోలియో (షీటును ఒక్కసారే మడిచే) పుస్తకం వేయాలంటే మొదట లెక్క కుదరాలి. మర లాగడం తర్వాతి సంగతి.

నాలుగు షీట్లు ఒకదానిలో ఒకటి పెట్టి నడిమికి మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు. ఒక ఫారంలో (షీటు ఒకవైపు అచ్చుకి చట్రంలో బిగించిన అక్షరాల కూర్పులో) పక్కపక్కన కూర్చునే రెండు పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. బయటి షీటుకి ఒకవైపు 1, 16. వెనకవైపు 2, 15. అన్నిటికన్నా లోపలి షీటులో 8, 9. అచ్చు తిరగబడుతుంది కాబట్టి ఫారంలో 1 ఎడమన, 16 కుడిన ఉండాలి.

ఒకటో పేజీతోనే పదహారోది కూర్చాలి గనుక, నడుమ పాఠం ఎంత చోటు తింటుందో పంక్తులు లెక్కగట్టి రాతప్రతి మీద ముందే గుర్తులు పెట్టుకోండి. తక్కువ అంచనా వేస్తే పదాలు కుదించి ఇరికించాలి, ఎక్కువ వేస్తే ఖాళీ మిగులుతుంది. పాత పుస్తకాల్లో ఒక పేజీ కిక్కిరిసి, మరొకటి వదులుగా ఉండటానికి తరచూ ఇదే కారణం.

కాగితం ముందురోజే తడపండి. కొన్ని షీట్లు నీళ్లలో ముంచి, పొడివాటి మధ్య పేర్చి, రాత్రంతా బరువు పెడితే చెమ్మ సమంగా పాకుతుంది. పొడి కాగితం సిరా సరిగా పట్టదు, మరీ తడిదైతే చిరుగుతుంది. కాగితం ఎక్కువగా దిగుమతయ్యేది (1490ల్లో హెర్ట్‌ఫర్డ్ దగ్గర జాన్ టేట్ మిల్లు నడిచినా సరే), కాబట్టి ఒక్క షీటు పాడైనా నష్టమే.

సిరాకి అవిసె నూనెను మరిగించాలి. చల్లారిన చుక్క వేళ్ల మధ్య తీగపాకంలా సాగాలి. అందులో దీపపు మసి వేసి రాతి మీద నూరండి. ఉన్ని కుక్కిన తోలు బంతులు రెండింటికి పలచగా పట్టించి, ఫారం మీద తట్టుతూ అద్దాలి. సిరా ఎక్కువైతే అక్షరాల కడుపులు పూడిపోతాయి. తోలు గట్టిపడితే మచ్చలుమచ్చలుగా పడుతుంది. పని లేనప్పుడు నానబెట్టి ఉంచండి.

అదుముడు పలక ఫారంలో సగమే కప్పుతుంది, అందుకే పిడి రెండుసార్లు లాగాలి. చెక్క మీద చెక్కిన అచ్చుబొమ్మ ఉంటే దాని ఎత్తు అక్షరాలతో సమానం కావాలి. తగ్గితే అడుగున కాగితం ముక్కలు పెట్టండి. రెండోవైపును కాగితం చెమ్మ ఆరకముందే, మొదటివైపు వేసేటప్పుడు మర సూదులు చేసిన రంధ్రాల్లోనే షీటు గుచ్చి వేయాలి. ఆరితే కాగితం ముడుచుకుని పంక్తులు ఎదురెదురుగా కలవవు.

ఫారం దించగానే అక్షరాలను బూడిద తేటనీళ్లతో కడిగి అక్షరాల పెట్టె గళ్లలో పంచండి. తర్వాతి ఫారానికీ అవే అక్షరాలు కావాలి.