పాత బండి స్టార్ట్ అవ్వక, స్లోలో నిలబడక సతాయిస్తుంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలి

కిక్ కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుడితే గానీ బండి లేవదు, లేచినా యాక్సిలరేటర్ వదలగానే టప్పున ఆగిపోతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు చేసే పని స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్బొరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) స్క్రూలు తిప్పడం. స్లో, అంటే యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ తిరిగే వేగం, కాస్త పెంచితే బండి ఆగకుండా నిలబడుతుంది కాబట్టి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అసలు రోగం మాత్రం అలాగే ఉంటుంది, పైగా సరిగ్గా ఉన్న సెట్టింగ్ కూడా పోతుంది. నన్నడిగితే ఆ స్క్రూల వంతు అన్నిటికంటే ఆఖర్న రావాలి. ఇక్కడ చెప్పేదంతా కార్బొరేటర్ ఉన్న ఫోర్ స్ట్రోక్ బండ్ల గురించే, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల లెక్క వేరు.

ఏదీ విప్పకముందు బండి ఎప్పుడు, ఎలా సతాయిస్తోందో గమనించండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. చోక్ (చల్లటి ఇంజిన్ లేవడానికి పెట్రోలు పాలు పెంచేది) లాగి ఉంచితేనే నడుస్తూ, దాన్ని వెనక్కి పెట్టగానే ఆగిపోతుంటే ఇంజిన్‌కి పెట్రోలు తక్కువ అందుతోంది, లేదా ఎక్కడినుంచో గాలి ఎక్కువ దూరుతోంది. దీనికి రివర్స్‌లో, చల్లగా ఉన్నప్పుడు బాగానే లేచి వేడెక్కాక నల్లపొగ వదులుతూ ముక్కుతుంటే పెట్రోలు ఎక్కువవుతోంది: చోక్ పూర్తిగా వెనక్కి రావట్లేదేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, కార్బొరేటర్ నిండగానే పెట్రోలుని ఆపే ఫ్లోట్ సూది కారుతోందేమో. కొద్దిదూరం బాగా పోయి పెట్రోలు అయిపోయినట్టు ఆగి, కాసేపాగితే మళ్లీ లేస్తోందా? ఆగిన వెంటనే ట్యాంక్ మూత తీసి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పోయి వెంటనే స్టార్ట్ అయితే మూతలో ఉండే గాలి రంధ్రం మూసుకుపోయింది, దాన్ని శుభ్రం చేస్తే సరి. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినప్పుడు స్లో పెరుగుతుంటే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోయిందని అర్థం, గ్రిప్ దగ్గర 2 నుంచి 3 మిల్లీమీటర్ల లూజు ఉండాలి.

అన్నట్టు హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపేందుకుండే కిల్ స్విచ్ కూడా ఒకసారి చూసుకోండి. నవ్వకండి, ఇది చాలామందికి జరిగేదే.

తర్వాత పెట్రోలు. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు పాతబడి, తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలింది చల్లటి ఇంజిన్‌లో సరిగ్గా అంటుకోదు. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలోని తేమని కూడా లాక్కుంటుంది, తేమ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ విడిపోయి అడుగుకు చేరతాయి. కార్బొరేటర్ అడుగునున్న డ్రైన్ స్క్రూ వదులు చేసి, కారిన పెట్రోలుని గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి. అడుగున నీటి బుడగలు, తుప్పు రవ్వలు, పుల్లటి వాసన, వీటిలో ఏది కనిపించినా ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయాల్సిందే. ట్యాంక్ కింది పెట్రోలు ట్యాప్ తెరిచినప్పుడు ధార ఆగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తుంటే ట్యాప్‌లోని జాలీ గానీ, మధ్యలో ఫిల్టర్ ఉంటే అది గానీ మూసుకుపోయి ఉంటుంది. కొన్ని బండ్లలో ట్యాప్ ఇంజిన్ పీల్చుడుకే తెరుచుకుంటుంది, అలాంటి దాంట్లో ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పెట్రోలు రాకపోవడం మామూలే.

ఇప్పుడు ప్లగ్, అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించేది. అంత చిన్న వస్తువు ఇంజిన్ లోపలి సంగతులన్నీ చెప్పేస్తుంది. చాలాసార్లు కిక్ కొట్టాక విప్పి చూస్తే పొడిగా ఉందంటే పెట్రోలు సిలిండర్ దాకా రావట్లేదు. తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు వస్తోంది గానీ అంటుకోవట్లేదు, అంటే కరెంట్ లేదు లేదా పెట్రోలు మరీ ఎక్కువైపోయింది. లేత ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు, పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, మరీ తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ పైకొస్తోంది. కరెంట్ చూడటానికి ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని లోహపు భాగాన్ని ఇంజిన్‌కి గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోండి, ఎందుకంటే అందులోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది, నిప్పురవ్వ తగిలితే మంటే. నిప్పురవ్వ చటుక్కున నీలంగా పడితే మంచిది, సన్నగా ఎర్రగా పడితే బలహీనం. బలహీనంగా ఉంటే ముందు కొత్త ప్లగ్ వేయండి, దాని కొనల మధ్య గ్యాప్ చాలా బండ్లకి 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఏముందో అదే పెట్టండి. తర్వాత క్యాప్ విప్పి, వైరు చివర పచ్చగా తుప్పు పట్టి ఉంటే కొద్దిగా కత్తిరించి మళ్లీ బిగించండి. ఇంకా పాతకాలపు పాయింట్లు (ప్లగ్ కరెంట్‌ని తెరిచి మూసే చిన్న స్విచ్ లాంటివి) ఉన్న బండి అయితే పాయింట్లు కాలి గుంటలు పడ్డాయేమో చూడాలి, అక్కడ నిప్పురవ్వలు మరీ ఎక్కువగా చిమ్ముతుంటే కండెన్సర్ పోయుండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు కరెంట్ బాగుండి ఇంజిన్ వేడెక్కాక మాయమైపోతుంటే కాయిల్‌ని అనుమానించండి.

బ్యాటరీ సంగతి త్వరగా. 12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయ్యుంటే మీటర్‌లో దాదాపు 12.6 చూపించాలి, 12 కంటే తగ్గితే సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. కరెంట్ బ్యాటరీ నుంచే తీసుకునే బండ్లలో కిక్ కొట్టినా ప్లగ్‌కి సరిపడా అందదు.

గాలి విషయానికొస్తే, ఎయిర్ ఫిల్టర్ మురికిగా ఉంటే మార్చడమో, స్పాంజ్ రకమైతే కడిగి ఆరబెట్టి నూనె పట్టించడమో అందరికీ తెలిసిందే. ఎక్కువమంది వదిలేసేది కార్బొరేటర్‌నీ ఇంజిన్‌నీ కలిపే రబ్బరు పైపుని. ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడి పగుళ్లు ఇస్తుంది, పైనుంచి బాగానే కనిపిస్తుంది, వేలితో వంచితే గానీ పగులు బయటపడదు. అక్కడ గాలి దూరితే స్లో ఒక చోట నిలవదు, ఒకసారి పైకి లేచి దిగనంటుంది, ఇంకోసారి ఆగిపోతుంది. బండి నిలబెట్టి ఇంజిన్ నడుస్తుండగా ఆ అతుకుల మీద స్ప్రే సీసాతో కొంచెం నీళ్లు చల్లండి, శబ్దం మారితే లీక్ అక్కడే. కొందరు దీనికి కార్బ్ క్లీనర్ కొడతారు, కానీ వేడి ఇంజిన్ మీద అది అంటుకోవచ్చు కాబట్టి నాకైతే నీళ్లే నయం. పరీక్షలన్నీ ఆరుబయట చేయండి, మూసిన గదిలో ఇంజిన్ పొగ ప్రాణం తీస్తుంది.

ఇంతవరకూ అన్నీ బాగున్నా బండి మొండికేస్తుంటే ట్యాపెట్లు, అంటే వాల్వులని నొక్కి తెరిచే భాగాల దగ్గరి సందు, చూడాలి. ట్యాపెట్లు కొట్టుకుంటే చప్పుడొస్తుంది కాబట్టి అందరూ పట్టించుకుంటారు, బిగుసుకుపోతే బండి చక్కగా నిశ్శబ్దంగా ఉంటుంది, అదే ప్రమాదం. వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కిపెట్టే ఒత్తిడి) జారిపోతుంది, స్లో నిలబడదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చిన చోట, అంటే రెండు ట్యాపెట్లూ వదులుగా కదిలే చోట, సన్నటి సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్‌తో కొలవండి. చిన్న ఇంజిన్లకి చాలావాటిలో 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కంప్రెషన్ గేజ్ దొరికితే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొలవండి. మాన్యువల్ చెప్పినదానికంటే బాగా తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ఈసారి పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవట్లేదు. రెండింటిలో ఏదైనా ఇంజిన్ విప్పాల్సిన పనే, ఇక కార్బొరేటర్ జోలికి వెళ్లి లాభం లేదు.

కంప్రెషన్ బాగుంటే అప్పుడు కార్బొరేటర్ విప్పండి. స్లోలో ఇంజిన్‌కి పెట్రోలు పంపేది పైలట్ జెట్, దాని రంధ్రం దాదాపు అర మిల్లీమీటరు, కొన్నిట్లో అంతకంటే సన్నం. నిలవున్న పెట్రోలు ఎండి గట్టిపడితే మొదట మూసుకుపోయేది అదే, అందుకే పరుగులో బాగున్న బండి కూడా స్లోలో చచ్చిపోతుంది. విప్పి వెలుతురుకి ఎత్తి చూస్తే గుండ్రటి చుక్క వెలుగు కనిపించాలి. ఇనుప తీగ, గుండుసూది పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే జెట్ మార్చుకోవడమే. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, కరెంట్ వైరులోని ఒక సన్నటి రాగి పోగుతో తీసి, గాలి కొట్టండి, బాడీలోని దారుల్లోకి కూడా కొట్టాలి. ఫ్లోట్ సూది మొనలో గాడి పడి ఉంటే మార్చేయండి. పెట్రోలు కారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసిందనే అనుమానం ఉంటే ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ వాసన చూడండి, పెట్రోలు వాసనొస్తే ఆయిల్ కూడా మార్చాలి.

ఇప్పుడు స్క్రూ పట్టుకోవచ్చు. స్లోలో పెట్రోలు, గాలి పాళ్లని సర్దే మిక్స్చర్ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే సాధారణంగా అది గాలిని సర్దుతుంది, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలుని సర్దుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. మెల్లగా చివరిదాకా బిగించి, గట్టిగా నొక్కకుండా, మాన్యువల్ చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పండి, మాన్యువల్ లేకపోతే ఒకటిన్నర చుట్టుతో మొదలెట్టండి. బండిని బాగా వేడెక్కించాక పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి వింటూ, ఇంజిన్ ఎక్కువ వేగంగా, నిలకడగా తిరిగే చోట ఆపండి. తర్వాతే స్లో స్క్రూతో స్పీడ్ తగ్గించాలి, చాలా సింగిల్ సిలిండర్ బండ్లకి 1200 నుంచి 1500 ఆర్‌పీఎం దగ్గర సరిపోతుంది. మిక్స్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజిన్‌లో మార్పే లేదంటే పైలట్ దారి ఇంకా మూసుకునే ఉంది, కార్బొరేటర్ మళ్లీ విప్పాల్సిందే.